పద్నాలుగు అడుగుల బాట

(ఒక జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పౌరుల కోసం జరిగిన సభలో, సివిల్ న్యాయవాదిగానూ శిక్షణ పొందిన మధ్యవర్తిగానూ పనిచేస్తున్న ఒక వక్త చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

లోపలికి వస్తుంటే గేటు దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపారు. చేతిలో గుడ్డసంచి, అందులో కోర్టు కాగితాల కట్ట. "అమ్మా, మీరు ప్లీడరు కదా. కోర్టుకు వెళ్లవద్దని చెప్పడానికి వచ్చారట, నిజమేనా?" అని అడిగారు. ఆయన ఇప్పుడు మూడో వరసలో కూర్చుని ఉన్నారు. ముందు ఆయనకు జవాబు చెప్పి మిగతా విషయాలకు వస్తాను.

కోర్టుకు వెళ్లవద్దని నేను చెప్పను. ఇరవై ఏడేళ్లుగా సివిల్ కోర్టుల్లో దావాలు వేస్తున్నాను, రేపు కూడా వేస్తాను. దిక్కులేని మనిషి పొలాన్ని బలమున్నవాడు రాత్రికి రాత్రి దున్నేస్తే, ఆ మనిషికి కావలసింది ఇంజంక్షన్, అంటే ఆ పని ఆపమనే కోర్టు ఉత్తర్వు. అక్కడికి వెళ్లి "ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి" అనడం అన్యాయం. కోర్టు తలుపు మూసుకున్న చోట పెత్తందారు మాటే చట్టమవుతుంది. అందుకని కోర్టును తక్కువ చేసి మాట్లాడటానికి నేను ఇక్కడికి రాలేదు. నేను చెప్పదలచింది ఇది: ఎంత మంచి జడ్జి ఉన్నా, ఎంత మంచి ప్లీడరు ఉన్నా, కోర్టులో అడగడానికి వీలులేని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. చాలా తగాదాల్లో అసలు ముడి ఆ ప్రశ్నల దగ్గరే ఉంటుంది. వాటిని అడగడానికి ఒక గది, ఒక పద్ధతి మన చట్టంలో ఉన్నాయి. ఆ పద్ధతి పేరు మధ్యవర్తిత్వం, ఇంగ్లీషులో మీడియేషన్. వాటి గురించి మన జిల్లాలో చాలామందికి తెలియదు. అదే నా బాధ.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వెళ్లి ఏడ్చాడని మనవాళ్లు అంటారు. చాలా కాలం దాన్ని ఖర్చుల గురించి చెప్పిన మాటగానే అనుకున్నాను. వాయిదాకు వెళ్లిన ప్రతిసారీ బస్సు చార్జీలు, పోయిన కూలి, సాక్షులకు భోజనాలు, ప్లీడరు ఫీజు, అన్నీ కలిపితే గెలిచిన పొలం విలువను మించిపోతాయని. ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉందని ఒక బాట తగాదా నాకు నేర్పింది. ఆ కేసు మీకు కొంచెం వివరంగా చెబుతాను. మధ్యవర్తిత్వంలో మాట్లాడిన మాటలు బయటికి చెప్పకూడదు కాబట్టి ఆ ఇద్దరినీ అడిగి, వాళ్లు సరేనన్నాకే, ఊరూ పేరూ లేకుండా చెబుతున్నాను.

ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి 1986లో ఐదెకరాలు చెరిసగం పంచాడు. రోడ్డు పక్కన ఉన్న ముందు చెక్క తమ్ముడికి, దాని వెనుక చెక్క అన్నకు. అన్న తన పొలానికి వెళ్లాలంటే తమ్ముడి పొలం పడమటి గట్టు వెంట ఎనిమిది అడుగుల బండి బాట. తండ్రి బతికి ఉన్నన్నాళ్లూ ఎవరూ దాన్ని కొలవలేదు. ఆయన పోయిన మూడేళ్లకు తమ్ముడు ఆ బాటకు అడ్డంగా కంచె వేశాడు. అన్న దావా వేశాడు.

ఇక ఆ దావా నడిచిన తీరు చూడండి. బాట ఉందని వాది అంటాడు, లేదని ప్రతివాది అంటాడు. బాట ఉందో లేదో చూసి రమ్మని కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ను పంపుతుంది. సర్వేయర్ గొలుసు పట్టుకుని వస్తాడు. ఊళ్లో సగం మంది అన్నకు సాక్షులు, సగం మంది తమ్ముడికి సాక్షులు. ఆ సాక్ష్యాల వల్ల ఇంకో నాలుగు ఇళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. ఏడేళ్ల తరువాత తీర్పు వచ్చింది. అన్న గెలిచాడు. ఎనిమిది అడుగుల బాట ఆయన హక్కు అని కోర్టు చెప్పింది. తమ్ముడు అప్పీలు వేశాడు. అప్పీలు నాలుగో ఏట అక్కడి జడ్జి గారు ఇద్దరినీ పిలిచి, ఒకసారి మధ్యవర్తిత్వ కేంద్రానికి వెళ్లి కూర్చోండని పంపారు. ఆ ఫైలు నా దగ్గరికి వచ్చేనాటికి దావా వయసు పదకొండేళ్లు.

మొదటి రోజంతా కేకలే. ఆపలేదు. పదకొండేళ్లలో వాళ్లిద్దరూ నేరుగా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది అదే మొదటిసారి, అది కేకలైనా సరే అనుకున్నాను. రెండో రోజు ఒక్కొక్కరితో విడిగా కూర్చున్నాను. ఇలా విడిగా కూర్చోవడం ఈ పద్ధతిలో చాలా ముఖ్యమైన భాగం. అక్కడ ఒకరు చెప్పిన మాటను వాళ్లు ఒప్పుకుంటే తప్ప రెండోవాళ్లకు చేరవేయకూడదు.

అన్నను ఒకటే అడిగాను. "బాట మీకు వచ్చేసిందనుకుందాం. మర్నాడు దాని మీద ఏమి తీసుకెళతారు?"

"ఇంకేముంది, కోత మిషను."

"అది పట్టాలంటే బాట ఎంత వెడల్పు ఉండాలి?"

ఆయన కాసేపు నేల వైపు చూశాడు. "పద్నాలుగు అడుగులన్నా ఉండాలమ్మా."

"మీరు గెలిచింది?"

"ఎనిమిది."

ఆ తరువాత ఆయన చాలాసేపు మాట్లాడలేదు. 1986లో పొలం పంచినప్పుడు ఆ పొలంలోకి వెళ్లింది ఎడ్లబండి. ఇప్పుడు ఎడ్లు లేవు, బండి లేదు. వరి కోయాలంటే యంత్రం రావాలి, యంత్రం ఎనిమిది అడుగుల్లో పట్టదు. ఆయన పొలం కోతకు వచ్చినా పక్క రైతు తన చేను కోసుకునేదాకా ఆగి, ఆ చేలో నుంచి మిషను తెప్పించుకుంటున్నాడు. ఒక ఏడాది అలా ఆగి ఉండగానే తుపాను వచ్చింది. పడిపోయిన పైరులో గింజ మొలకెత్తింది. పదకొండేళ్లుగా ఆయన దేని కోసం పోరాడుతున్నాడో అది పూర్తిగా చేతికొచ్చినా ఆయన వరి కోత కష్టం తీరదు.

ఇందులో కోర్టు తప్పేమీ లేదు. దారి హక్కుల గురించి మనకున్న చట్టం 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం. ఆస్తి పంచుకున్నప్పుడు తప్పనిసరి అవసరం వల్ల పుట్టిన దారి హక్కు, అది పుట్టిన నాటికి ఎంత అవసరముందో అంతవరకే ఉంటుందని ఆ చట్టం చెబుతుంది. ఎడ్లబండికి పుట్టిన హక్కును కోత యంత్రానికి సరిపడా సాగదీయడానికి జడ్జి గారికి వీలుండదు. ఆయన ముందున్న ప్రశ్న ఒక్కటే: బాట ఉండేదా, లేదా? ఈ మనిషి రేపు వరి ఎలా కోస్తాడన్నది ఇష్యూల్లో, అంటే కోర్టు తేల్చవలసిన ప్రశ్నల్లో, లేదు. ఆ దావా నా చేతికి వచ్చి ఉంటే నేనూ దాన్ని అలాగే నడిపేదాన్ని.

తమ్ముడితో కూర్చుంటే ఇంకో సంగతి బయటపడింది. రోడ్డు వైపు పడమటి మూలలో కల్వర్టు ఉంది. ఆ మూలనే నాలుగు ఇళ్ల స్థలాలుగా అమ్మి కూతురి పెళ్లి చేయాలని ఆయన ఆలోచన. సరిగ్గా అక్కడినుంచే బాట పోతుంది. బాట ఉందని ఒప్పుకుంటే ఆ స్థలాలు కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. అందుకే బాటే లేదన్నాడు. తూర్పు వైపు పంట కాలువ గట్టు వెంట బాట ఇస్తే నష్టమేమైనా ఉందా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "అటు నాకేమీ ఇబ్బంది లేదు" అన్నాడు. మరి పదకొండేళ్లలో ఆ మాట ఎందుకు అనలేదు? అంటే, బాట ఇవ్వాల్సిన బాధ్యత తనకుందని ఒప్పుకున్నట్లవుతుందని భయం. అటు అన్న కూడా బాటను తూర్పుకు జరుపుదామని అంటే, పడమటి బాట మీద తనకు హక్కు లేదని ఒప్పుకున్నట్లవుతుందని భయం. ఇద్దరి ప్లీడర్లూ ఇద్దరికీ అదే సలహా ఇచ్చారు. దావా నడుస్తున్నంతకాలం అది సరైన సలహానే.

ఈ రెండు మాటలూ ఒకరివి ఒకరికి చెప్పడానికి ఇద్దరి దగ్గరా అనుమతి తీసుకున్నాను. మూడో రోజు ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి బల్ల మీద ఒక తెల్ల కాగితం పెట్టాను. "నాకు మీ పొలం తెలియదు, గీసి చూపించండి" అన్నాను. అన్న పెన్ను తీసుకుని గీయడం మొదలుపెట్టాడు. రోడ్డు, కాలువ, రెండు చెక్కల మధ్య గట్టు, బోరు. తమ్ముడు మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. అన్న బోరు గుర్తు పెట్టగానే తల తిప్పి కాగితం వంక చూసి, "అక్కడ కాదన్నా, చింతచెట్టుకి ఇవతల" అన్నాడు.

అన్నా అన్నాడు. ఆ పిలుపు తన నోట వచ్చిన సంగతి ఆయనకే ఒక క్షణం తరువాత తెలిసింది. అన్న పెన్ను ఆపి, దాన్ని తమ్ముడి వైపు జరిపాడు. బోరు ఎక్కడుందో తమ్ముడు దిద్దాడు. ఆ తరువాత ఒక గంటసేపు నేను ఆ గదిలో ఉన్నానన్న సంగతి కూడా వాళ్లకు పట్టలేదు.

కాలువ గట్టు వెంట పద్నాలుగు అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు. లెక్క వేస్తే సుమారు ఆరున్నర సెంట్లు. దానికి బదులుగా అన్న తన చెక్కలో బోరు పక్కన అంతే నేల తమ్ముడికి ఇచ్చాడు. అక్కడ గేదెల పాక వేసుకోవాలని తమ్ముడికి ఎప్పటినుంచో కోరిక. నాలుగో రోజు సంతకాలయ్యాయి. మారిన ఆ రెండు ముక్కలూ దావా షెడ్యూలులో లేనివి. దావాలో లేని భూమి రాజీలోకి వస్తే దాన్ని రిజిస్టరు చేయాలి కాబట్టి మార్పిడి దస్తావేజు రాసి రిజిస్టరు చేయించుకున్నారు. ఈ సంగతి మీరూ గుర్తుంచుకోండి. ఇలాంటి రాజీ పత్రం రాయించేటప్పుడు ప్లీడరు పక్కన ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు మీలో కొందరు ఒక మాట అనుకుంటూ ఉంటారు: ఇదంతా పెద్ద మనుషుల పంచాయితీయే కదా, మన తాతల నాడే ఉంది కదా అని. ఆ మాట దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే మన ప్రాంతంలో ఈ పద్ధతికి పెద్ద బలం ఆ జ్ఞాపకమే, పెద్ద అడ్డంకీ ఆ జ్ఞాపకమే.

తగాదా వస్తే ముందు నలుగురిలో పెట్టుకోవాలన్న అలవాటు మనకు కొత్త కాదు. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు, అంటే చాలావరకు నేటి రాయలసీమకు, కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో ఆ అలవాటును దగ్గరగా చూశాడు. తరువాత 1816లో మద్రాసు ప్రభుత్వం గ్రామ మున్సిఫులకూ గ్రామ పంచాయతీలకూ చిన్న సివిల్ తగాదాలు విచారించే అధికారమిస్తూ రెగ్యులేషన్లు తెచ్చింది. ఆ ఆలోచన వెనుక ప్రధానంగా ఉన్నది ఆయనే.

అయితే రచ్చబండ మీద ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. పెద్దలు ఇద్దరి చేతా ధరావతు కట్టిస్తారు. ఇద్దరి మాటా వింటారు. ఆ తరువాత తీర్పు చెబుతారు. కాదంటే ధరావతు పోతుంది, ఊళ్లో మాట పోతుంది. ఆ పెద్దల్లో ఒకరు ఎవరికో ఒకరికి బంధువో, అప్పిచ్చినవారో అయి ఉంటారు. తగాదా ఆడమనిషిదైతే ఆమె అరుగు కింద నిలబడుతుంది, ఆమె తరఫున తండ్రో అన్నో మాట్లాడతాడు. తక్కువ కులంగా చూడబడే కుటుంబానిదైతే వాళ్లు ఎంత దూరంలో నిలబడేవారో నేను చెప్పనక్కరలేదు. ఆ పద్ధతిని తిరిగి తెద్దామని నేను ఎప్పటికీ అనను.

మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఈ ఒక్క మాట అర్థం చేయించడానికి నాకు ప్రతి కేసులోనూ అరగంట పడుతుంది. "మీరు పెద్దవారు, మీరెంత చెబితే అంత" అని చేతులు జోడిస్తారు. నేనేమీ చెప్పను, చెప్పే అధికారం నాకు లేదు, మీ పొలం సంగతి నాకంటే మీకే బాగా తెలుసు అంటే, ఈమెకు చేతకాదేమోనన్నట్లు చూస్తారు. దీనికి కొంత కారణం మన మాటలోనే ఉంది. ఆర్బిట్రేటర్‌నూ మధ్యవర్తి అంటున్నాం, ఆయన ఇరు పక్షాల వాదనలూ విని తీర్పు ఇస్తాడు. పోలీసులు పంచనామాకు పిలిచే సాక్షులనూ మన దగ్గర మధ్యవర్తులే అంటారు. మీడియేటర్‌కూ అదే మాట వాడుతున్నాం. నేను ఈ రోజు మధ్యవర్తి అన్నప్పుడల్లా మీడియేటర్ అనే అర్థం చేసుకోండి: ఇద్దరిలో ఎవరికీ చెందని మనిషి, తీర్పు చెప్పని మనిషి.

ఈ సందర్భంలో చాలామంది కృష్ణ రాయబారాన్ని మొదటి మధ్యవర్తిత్వంగా చెబుతారు. నాకు అందులో ఒక అభ్యంతరం ఉంది. కృష్ణుడు పాండవుల తరఫున వెళ్లాడు, ఆయన రాయబారి. రాయబారి ఒక పక్షం మాటను రెండో పక్షానికి చేరవేస్తాడు. మధ్యవర్తికి పక్షం ఉండకూడదు. కానీ ఆ కథలో నేను నేర్చుకోదగ్గది ఒకటుంది. సగం రాజ్యమన్న పట్టు దగ్గర మొదలై మాట అయిదూళ్ల దగ్గరికి వచ్చింది. బతకడానికి ఎంత ఉంటే చాలు అన్న ప్రశ్న వేసుకుంటే తప్ప అయిదన్న అంకె రాదు. మా అన్నదమ్ముల కేసులో పద్నాలుగు అడుగులన్న అంకె కూడా అలా వచ్చిందే.

ఇక చట్టం సంగతి. ఇది ఎవరో దయతలచి చేసే పని అనుకోవద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 89వ సెక్షన్ 2002 జూలై 1 నుంచి అమల్లో ఉంది. రాజీకి అవకాశం కనిపిస్తే కోర్టే ఆ కేసును మధ్యవర్తిత్వానికో, లోక్ అదాలత్‌కో పంపవచ్చని అది చెబుతుంది. ఏ రకం కేసులు పంపదగినవి, ఏవి కావు అన్నది 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో విడమరచి చెప్పింది. అన్నదమ్ముల పంపకాలు, భార్యాభర్తల వివాదాలు, ఇరుగుపొరుగు తగాదాలు, ఇంటి యజమానికీ అద్దెదారుకూ మధ్య గొడవలు, వ్యాపార లావాదేవీలు, ఇవన్నీ పంపదగినవే. పార్లమెంటు 2023లో ప్రత్యేకంగా మీడియేషన్ చట్టమే చేసింది. దాని సెక్షన్లను విడతలవారీగా అమల్లోకి తెస్తున్నారు. అందులో గడువు 120 రోజులు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో 60 రోజులు. ఇది మాకు కుదరదనుకుంటే లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లిపోయినందుకు మీ దావాకు ఏ నష్టమూ ఉండదు.

ఇక్కడ దుకాణదారులు కూడా ఉన్నారని చెప్పారు. మూడు లక్షలకు తగ్గని వాణిజ్య వివాదమైతే, అత్యవసర ఉత్తర్వులు అవసరం లేనప్పుడు, ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లకుండా కమర్షియల్ కోర్టులో దావా వేయడమే కుదరదు. ఈ నిబంధన 2018లో వచ్చింది, ఇది తప్పనిసరి అని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టినవారి మీద దావా వేయబోయే ముందు ఈ సంగతి తెలియక, నేరుగా దావా వేసి తిప్పి పంపించుకున్నవారు ఉన్నారు.

నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటుంది. సంతకం పెట్టాక అవతలివాడు మాట తప్పితే? కోర్టు పంపిన కేసులో కుదిరిన రాజీ కోర్టుకు తిరిగి వెళుతుంది, దాని మీద డిక్రీ వస్తుంది. మాట తప్పితే ఇ.పి., అంటే డిక్రీ అమలు కోసం దరఖాస్తు, వేసి అమలు చేయించుకోవచ్చు. మోసం జరిగిందనో, ఒకరి బదులు వేరొకరు వచ్చి సంతకం చేశారనో, ఇలాంటి కొద్ది కారణాల మీద తప్ప దాన్ని ప్రశ్నించడం కుదరదని కొత్త చట్టం అంటోంది. అయినా నా అనుభవంలో అమలు దాకా వెళ్లినవి చాలా తక్కువ. తాను గీసిన గీతను మనిషి అంత తేలికగా దాటడు.

రెండో భయం: అక్కడ నోరు జారితే రేపు కోర్టులో దాన్నే నా మీద వాడతారేమో. వాడకూడదు. మధ్యవర్తిని సాక్షిగా పిలవకూడదు. కుదిరితే రాజీ పత్రం పంపాలి, కుదరకపోతే కుదరలేదని ఒక్క ముక్క రాయాలి, లోపల ఎవరు ఏమన్నారో నివేదికలో రాయకూడదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మాకు ఇచ్చే నలభై గంటల శిక్షణలో అన్నిటికంటే కష్టమైన పాఠం ఇది కాదు లెండి. సలహా చెప్పకుండా నోరు కట్టుకోవడం, అది ప్లీడర్లకు చాలా కష్టం.

లోక్ అదాలత్ వేరు, ఇది వేరు. లోక్ అదాలత్‌లో ఒకే రోజు వందల కేసులు వస్తాయి. బీమా కంపెనీ ప్రమాద పరిహారం, బ్యాంకు బాకీ, ఇలా లెక్క తేలితే సరిపోయే కేసులకు అది చాలా మంచిది. కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, అవార్డు మీద అప్పీలు ఉండదు. కానీ పదకొండేళ్లు మాటలు లేని అన్నదమ్ములను పది నిమిషాలు నిలబెట్టి, రాజీకి వస్తారా రారా అని అడిగితే ప్రయోజనం ఉండదు. వాళ్లకు నాలుగు రోజులు, ఒక తెల్ల కాగితం కావాలి.

ఇప్పుడు ఈ పద్ధతి పనికిరాని చోట్లు. ఇది చెప్పకుండా వెళితే నేను తప్పు చేసినదాన్నవుతాను.

అత్యాచారం వంటి నేరాల్లో రాజీ అన్న మాటే ఉండకూడదు, సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి గట్టిగా చెప్పింది. అక్కడ ఊళ్లో పెద్దలు "పెళ్లి చేసేద్దాం" అంటూ కూర్చునే పంచాయితీలకు మధ్యవర్తిత్వం అన్న పేరు పెట్టకండి. అది నేరాన్ని దాచడం. పదిమందికి వర్తించే చట్టపరమైన ప్రశ్న తేలవలసిన చోట కూడా కోర్టు తీర్పే రావాలి.

భార్యాభర్తల కేసుల్లో నేను చాలా భయభక్తులతో కూర్చుంటాను. 2013లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక విడాకుల కేసులోనే, ఇలాంటి వివాదాలను ముందుగా మధ్యవర్తిత్వానికి పంపాలని సుప్రీంకోర్టు కుటుంబ న్యాయస్థానాలకు చెప్పింది. నిజంగా మేలు జరిగిన ఇళ్లు నేను చూశాను. కలిసి బతకడమొక్కటే రాజీ అనుకోవద్దు. గౌరవంగా విడిపోయి, పిల్లవాడు ఏ పండక్కి ఎవరి దగ్గర ఉండాలో రాసుకున్నదీ రాజీయే. కానీ ఒక కేసు నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తుకొస్తుంది. ఆ అమ్మాయితో విడిగా కూర్చుని ఏమి కావాలని అడిగాను. "మీ ఇష్టం" అంది. నా ఇష్టం కాదమ్మా, నీ ఇష్టం అన్నాను. తలుపు వైపు చూసి, "వాళ్ల ఇష్టం" అంది. మూడోసారి అడిగితే మాట్లాడకుండా గాజులు సవరించుకుంది. మోచేతి పైన మచ్చ కనిపించింది. ఆ తలుపు అవతల భర్త, అత్తమామలు రాజీ పత్రం మీద సంతకానికి సిద్ధంగా ఉన్నారు. నేను అక్కడితో ఆపేశాను. కుదరలేదని రాసి ఫైలు పంపేశాను. కారణం రాయలేదు, రాయకూడదు. ఆమెను న్యాయ సేవాధికార సంస్థలో ఒక న్యాయవాదికి అప్పగించాను. ఆదాయం ఎంతైనా సరే, మహిళలకు అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. భయపడే మనిషి చేత పెట్టించిన సంతకం రాజీ కాదు. ఆ సంతకం నా ఎదుట జరగనివ్వకపోవడం నా పనిలో భాగం.

2021 జూలైలో మన తెలుగు మహిళ ఒకరు వీడియోలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన సంగతి మీలో చాలామంది చదివే ఉంటారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఆమెను తెలుగులోనే మాట్లాడమన్నారు, పక్కనున్న న్యాయమూర్తికి తానే అనువదించి చెప్పారు. భార్యాభర్తల మధ్య రెండు దశాబ్దాల వివాదం అది, చివరికి రాజీ అయింది. ఆ వార్త చదివి నాకు కళ్లు చెమర్చింది రాజీ గురించి కాదు, తెలుగు గురించి. తన జీవితం మీద నడుస్తున్న కేసులో ఏమి రాశారో ఇంకొకరు చదివి చెబితే తప్ప తెలియని ఆడవాళ్లు మన కోర్టు వరండాల్లో ఎంతమంది! మధ్యవర్తిత్వం గదిలో దావా కాగితాల భాష ఉండదు. మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడవచ్చు.

అదే ఏడాది ఆగస్టులో కృష్ణా జలాల మీద ఆంధ్రప్రదేశ్ వేసిన కేసు ఆయన ముందుకే వచ్చింది. తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాడినని, వీలైతే మధ్యవర్తిత్వంతో తేల్చుకోమని ఆయన అన్నారు. తీర్పే కావాలని రాష్ట్రం చెప్పింది, ఆయన ఆ కేసు విచారణ నుంచి తప్పుకున్నారు. కొందరు అప్పుడు నిరాశపడ్డారు. నాకైతే అది సరిగ్గా జరగవలసినట్టే జరిగిందనిపించింది. వద్దనే హక్కు లేకపోతే ఆ పద్ధతికి మధ్యవర్తిత్వమన్న పేరు పెట్టలేం.

నా తోటి న్యాయవాదులు కొందరు ఇక్కడున్నారు. కేసులు రాజీ అయితే మన వృత్తి ఏమవుతుందన్న భయం నాకూ ఒకప్పుడు ఉండేది. దేశంలోని జిల్లా కోర్టుల్లోనే నాలుగు కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయి. మనకు పని కరువు రాదు. ఆ అన్నదమ్ముల ప్లీడర్లు ఇద్దరూ ఆ నాలుగు రోజులూ వచ్చారు. రిజిస్ట్రేషన్ అవసరమని గుర్తుపట్టింది తమ్ముడి ప్లీడరే, నేను కాదు. రాజీ అయిన మర్నాడు ఆ ఇద్దరు కక్షిదారులూ ఆ ఇద్దరు ప్లీడర్ల ఇళ్లకూ బస్తా బియ్యం పంపారు. తీర్పు వచ్చిన కేసుల్లో ఓడిన కక్షిదారు ఎదుటి ప్లీడరు ఇంటికి బియ్యం పంపడం నేనెప్పుడూ చూడలేదు.

ఎలా మొదలుపెట్టాలి అంటే, కేసు ఇప్పటికే కోర్టులో ఉంటే మీ ప్లీడరు చేత మధ్యవర్తిత్వానికి పంపమని ఒక మెమో వేయించండి. అప్పీలులో ఉన్నా వేయవచ్చు. కేసు ఇంకా వేయకపోతే కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది, అక్కడ తెల్ల కాగితం మీద అర్జీ రాసివ్వండి. వాళ్లు అవతలి పక్షానికి కబురు పంపుతారు. కోర్టు కేంద్రంలో మధ్యవర్తికి మీరేమీ చెల్లించనక్కరలేదు. ఎవరైనా అడిగితే అక్కడే ఫిర్యాదు చేయండి. 15100కు ఫోను చేసినా న్యాయ సహాయం గురించి చెబుతారు. గదిలోకి వచ్చేటప్పుడు నిర్ణయం తీసుకోగల మనిషి రావాలి. ఇంటికి వెళ్లి మా అబ్బాయిని అడిగి చెబుతాను అనేవారితో కూర్చుంటే నాలుగు రోజులు నాలుగు నెలలవుతాయి.

మూడో వరసలో పెద్దాయనా, మీ కేసు కాగితాలు గేటు దగ్గర పైపైన చూశాను. ఎల్లుండి వాయిదా అన్నారు, తగాదా ఒక గోడ గురించి, అవతలి వ్యక్తి మీ బావమరిది అన్నారు. మీతో ఒకసారి మాట్లాడేశాను కాబట్టి మీ కేసులో నేను మధ్యవర్తిగా కూర్చోకూడదు, ఆయనకు నా మీద నమ్మకం ఉండదు. కానీ మెమో ఎలా రాయాలో చెప్పగలను, దాన్ని మీ ప్లీడరుకు చూపించండి. సభ అయ్యాక బయట వరండాలో కూర్చుందాం. ఈలోగా ఒక్కటి ఆలోచించి పెట్టుకోండి: ఆ గోడ మీకు వచ్చేసిందనుకుంటే, మర్నాడు దాంతో ఏం చేస్తారు?